అంచు దాటిన పిట్ట

థిర్జా బ్లోర్ కుడిచెయ్యి అప్పుడప్పుడూ పట్టు వదిలేస్తోందని ఆ గదిలో నాకొక్కడికే తెలుసు. ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. తొమ్మిదేళ్ళు ఒకే అచ్చు మర దగ్గర ఎదురెదురుగా పనిచేసిన వాళ్ళకి కొన్ని అడగక్కర్లేదు.

మాది జంట పని. బొమ్మ చెక్కిన రాగి రేకును పొయ్యి మీద వెచ్చబెట్టి, నూనెలో నూరిన రంగును దాని గీతల్లోకి ఎక్కించి, పైన శుభ్రంగా తుడిచి, సబ్బునీళ్ళలో తడిపిన పల్చటి కాగితం పరిచి మరలోంచి లాగడం నా వంతు. బొమ్మ కాగితం మీదికి వస్తుంది. ఆ తడి కాగితాన్ని థిర్జా రెండు చేతులా అందుకుని, ఆవంలో మొదటి కాల్పు అయిన మట్టి పళ్ళెం మీద బోర్లా వాల్చి, గట్టి కుచ్చుతో రుద్ది, కాగితాన్ని నీళ్ళతో కడిగేస్తుంది. మెరుగు పూత ఇంకా పడని పళ్ళెం ఎండాకాలపు నేలలాంటిది. కాగితం తగిలిందా, రంగు తాగేస్తుంది. తాగాక దాన్ని వెనక్కి తీయడం ఎవరి తరమూ కాదు. అందుకే ఆ పనికి చెయ్యి ముఖ్యం. కాగితం ఎక్కడ పడాలో గాలిలో ఉండగానే తేలిపోవాలి.

పళ్ళేల కార్ఖానాలతో నిండిన బర్స్‌లెమ్‌లో ఆ పనికి థిర్జాని మించిన మనిషి లేదని నేను వచ్చిన కొత్తలోనే విన్నాను. బొమ్మ సరిగ్గా నడిమధ్యకు పడేది. పళ్ళెం అంచున వేసే పూలతీగ చుట్టూ తిరిగొచ్చి ఎక్కడ కలిసిందో భూతద్దం పెట్టినా దొరికేది కాదు. ముప్ఫయ్యేళ్ళ చెయ్యి. ఆ చెయ్యే ఇప్పుడు, మణికట్టు దగ్గర, చెప్పాపెట్టకుండా జారిపోతోంది.

మా గదిలో దానికి మందు లేదు. ముందు ఏడు మార్తా హీత్ బొటనవేలు బిగుసుకుపోతే, ఆడవాళ్ళ మేస్త్రి మిసెస్ హ్యూమ్ ఆమె బల్ల మీది కుచ్చు తీసి ఇంకొకరికి ఇచ్చింది. అంతటితో పని పోయింది. మార్తా ఇప్పుడు గుట్ట మీద, దిక్కులేనివాళ్ళను పెట్టి పని చేయించే ఇంట్లో, బీదాబిక్కీతో పాటు తిండి కోసం పాత తాళ్ళ పీచు విప్పుతోంది. ఆ ఇంటి పేరు మా వాళ్ళెవరూ పలకరు. అటు చూడరు కూడా. థిర్జాకి మొగుడు పోయాడు, పిల్లలు లేరు. బల్ల మీద కుచ్చు ఉన్నంత కాలమే ఆమెకు కింద వీధిలో ఇల్లు.

ఆ ఏడు లండన్‌లో జపాను విసనకర్ర వేలాడని గోడ లేదని చెప్పుకునేవారు. డబ్బున్న వాళ్ళు అసలు జపాను సరుకే కొనుక్కునేవారు. గుమాస్తాలూ బడిపంతుళ్ళూ మా దగ్గర గోధుమరంగు ముద్ర పళ్ళేలు కొనేవారు. మా బొమ్మల పనివాడు టీ పెట్టెలోంచి వచ్చిన ఒక కాగితం చూసి కొత్త రేకు చెక్కాడు. ఆకుల్లేని కొమ్మ, దాని నిండా పూలు, మీద ఒక పిట్ట, వెనక గుండ్రటి చంద్రుడు. చెక్కడం జపాను పద్ధతిలో చెక్కాడు, కూర్చడం మాత్రం మన పద్ధతిలోనే కూర్చాడు. అన్నీ మధ్యలో, అన్ని వైపులా సమానంగా జాగా వదిలి, చర్చిలో పెళ్ళికొడుకును నిలబెట్టినట్టు.

నమూనాకు పన్నెండు పళ్ళేలు వేయమన్నారు. తొమ్మిదోది వేస్తుండగా థిర్జా కుడిచెయ్యి వదిలేసింది. కాగితం ఎడమచేతి బొటనవేలు దగ్గర ఇరుసులా తిరిగి, పక్కకి ఊగి, పళ్ళెం మీద వాలింది. కొమ్మ అంచు బయటనుంచి దూసుకొచ్చింది. పిట్ట తోక అంచు దాటి పోయింది. చంద్రుడు సగమే మిగిలాడు. రెండో పక్కన పళ్ళెం ఖాళీగా, తెల్లగా ఉండిపోయింది. అలవాటు కొద్దీ రుద్దేసింది కూడా. రుద్దాక చూసుకుంది. పక్క బల్ల దగ్గరున్న డోర్కస్ తొంగిచూసి, “అయ్యో, తోకేదమ్మా? పిల్లి తిన్నదా?” అంది. థిర్జా నవ్వి, పళ్ళేన్ని పావడా చాటున బల్ల కిందికి తోసేసింది.

సాయంత్రం పళ్ళేలు చెక్క పలక మీద పేర్చి ఆవం దగ్గరికి మోసేది నేను. పదకొండే ఉన్నాయి. పన్నెండు కావాలి కాబట్టి బల్ల కిందిది తీసి పెట్టానని నాకు నేను చెప్పుకున్నాను. అసలు కారణం అది కాదు.

నేను పై బీళ్ళలో పుట్టినవాణ్ణి. మా పశువుల కొట్టం గుమ్మంలోంచి చూస్తే రాతిగోడ పక్కన నల్లముళ్ళ చెట్టు కనిపించేది. మార్చి చివర, ఆకు రాకముందే, నల్లటి కొమ్మంతా తెల్లగా పూసేది. చెట్టు మొదలూ కనపడదు, చివరా కనపడదు. గుమ్మం ఎంత చూపిస్తే అంతే. దాని మీద పిట్ట వాలితే సగం పిట్టే కనపడేది, మిగతా సగం గోడ అవతల. చెడిపోయిన ఆ పళ్ళెంలో నాకు మా గుమ్మం కనపడింది. మిగతా పదకొండింటిలో పళ్ళెమే కనపడింది. ఇంతే. ఎవరికీ చెప్పలేదు.

రెండు వారాలకు ఒక బుధవారం కార్ఖానా మేనేజరు పాడ్‌మోర్ మా గదిలోకి వచ్చాడు. చేతిలో ఆ పళ్ళెం. పూత పడి, మెరుస్తూ. వెనక మా జంట గుర్తు ఉంటుంది, చిన్న మేకు తలంత చుక్క. తిప్పి చూసి మా బల్ల దగ్గరికే వచ్చాడు. లండన్ నుంచి వచ్చిన వ్యాపారి పదకొండు పళ్ళేలనూ పక్కకు నెట్టి దీన్ని పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్ళాడట. ఇది వేసిన మనిషికి జపాను కన్నుందన్నాడట. నూట ఇరవై డజన్లు కావాలన్నాడట, అయితే అచ్చం దీనిలా, వెంట్రుకవాసి తేడా లేకుండా.

“నువ్వే కదూ వేసింది?” అని థిర్జాని అడిగాడు.

గుర్తు వెనకే ఉంది. కాదనడానికి లేదు. “నేనేనయ్యా” అంది.

పాడ్‌మోర్ తెలివితక్కువవాడు కాదు. పళ్ళేన్నీ ఆమెనీ మార్చి మార్చి చూశాడు. శుక్రవారం మధ్యాహ్నం గంట కొట్టేలోగా తానే వచ్చి ఎదురుగా వేయించి చూస్తానన్నాడు. ఎనిమిది పళ్ళేలు ఇస్తానన్నాడు. ఆరు సరిపోవాలి.

“సరిపోయాయా, పని మీ జంటది. సరిపోలేదా, ఇది కన్ను కాదు, చెయ్యి జారడమని నేను అనుకోవాల్సొస్తుంది” అన్నాడు. గొంతు పెంచలేదు.

మిసెస్ హ్యూమ్ అతని వెనకే నిలబడి ఉంది. ఆమె పళ్ళేన్ని చూడలేదు. థిర్జా చేతుల్ని చూసింది.

ఆ రోజూ మర్నాడూ పనికిరాని పళ్ళేల మీద వేసి చూశాం. నేను లాగడం, ఆమె వాల్చడం. బొమ్మను పక్కకు జరపడం పెద్ద కష్టం కాదు, మూడు వేళ్ళు కొలిచి జరిపింది. కొమ్మ అంచు దాటింది, పిట్ట తోకా దాటింది. అయినా కలవలేదు. రెండు చేతులా లాగి పట్టిన కాగితం బిగువుగా పడుతుంది, పళ్ళెం లోతు మొదలయ్యే చోట కొమ్మ కర్రలా తిన్నగా పోతుంది. పాడ్‌మోర్ చేతిలో ఉన్న దానిలో కొమ్మ అక్కడ మెత్తగా వంగి లోపలికి జారింది. మేం వేసిన ప్రతిదీ ఎవరో పెట్టినట్టుంది. అతని చేతిలోది తనంతట తాను పడినట్టుంది. ముప్ఫయ్యేళ్ళుగా పడకుండా పట్టుకోవడమే నేర్చిన చేతులవి.

బల్లల దగ్గర మాటలు మొదలయ్యాయి. జపాను రాణిగారికి ఇవాళ చెయ్యి తిరగడం లేదని ఒకతె. జపాను కన్ను రెండిట్లో ఏదో అడగవే అని ఇంకొకతె. థిర్జా మామూలుగా అయితే ఒకటికి నాలుగు తిరిగి ఇచ్చే మనిషి. ఆ రెండు రోజులూ తల ఎత్తకుండా పళ్ళేలే రుద్దింది.

గురువారం మధ్యాహ్నం పొయ్యి పక్కన కూర్చుని ఓట్ రొట్టె తింటున్నాం. ఆమె రొట్టెను ఎడంచేత్తోనే పట్టుకుంది. అప్పుడు చెప్పాను, ఆ పళ్ళేన్ని పలక మీద పెట్టింది నేనేనని.

చాలాసేపు నమిలింది. “పొరపాటున పోయిందనుకున్నాను” అంది చివరికి. “నా తప్పు నా పావడా కింద దాచుకుంటే నీకేం పోయిందయ్యా?”

బాగుందనిపించిందని చెప్పాను.

“బాగుందా? అది ఎంత బాగుందో నేను గుట్ట మీద కూర్చుని తలుచుకుంటాలే.”

నా దగ్గర ఉన్నది ఒకటే, నేను చూసింది. రెండు రోజులుగా మనసులో తిప్పుకుంటున్నది. ఆ రోజు చెయ్యి జారినప్పుడు కాగితం ఎడమ బొటనవేలు దగ్గర నిలబడి తిరిగింది. అక్కడ పట్టు తప్పలేదు. కుడివైపు మాత్రం తన బరువుతో తాను పడింది. అందుకే లోతులోకి మెత్తగా దిగింది. మళ్ళీ అలా పడాలంటే పట్టుకోకూడదు. ఎడంచెయ్యి ఎప్పటి చోటే ఉంచి, కుడిచెయ్యి వదిలెయ్యాలి.

ఈ మాట చెబితే ఆమె నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

“హ్యూమ్ ఎదురుగానా? ఇదిగోనమ్మా, నా చెయ్యి ఇలా పడిపోతుంది, చూసుకో అనా?” అంది. “నువ్వు మాట్లాడకపోతేనే బాగుంటావు రూబెన్.”

లేచి వెళ్ళి కుచ్చు కడుక్కుంది.

శుక్రవారం పదకొండున్నరకి పాడ్‌మోర్ వచ్చాడు. ఆ పళ్ళెం మీది బొమ్మను, కిందది పైకి కనపడే నూనె కాగితం మీదికి గీయించి తెచ్చాడు. పళ్ళెం మీద దాన్ని పరిస్తే గీత గీతకూ కలవాలి. ఎనిమిది పళ్ళేలు లెక్కపెట్టి బల్ల మీద పెట్టాడు. మిసెస్ హ్యూమ్ బల్ల చివర చేతులు కట్టుకుని నిలబడింది. మిగతా మరలు తిరుగుతూనే ఉన్నాయిగానీ కుచ్చుల చప్పుడు తగ్గింది. అందరికీ అటే చెవి.

మొదటి కాగితం లాగి అందించాను. థిర్జా రెండు చేతులా అందుకుంది. చిత్రం చూడండి, రెండు నెలలుగా మాట వినని ఆ చెయ్యి ఆ రోజు ఇనప పట్టకారులా పట్టుకుంది. భయానికో, మొండితనానికో. కాగితం బిగువుగా పడింది. రుద్దింది. పాడ్‌మోర్ నూనె కాగితం పరిచాడు. కొమ్మ దగ్గర రెండు గీతలు కనిపించాయి.

“ఇది కాదు” అన్నాడు.

రెండోది ఇంకాస్త వదులుగా పట్టి చూసింది. వదులుగా పట్టడమూ పట్టడమే. ఈసారి పిట్ట దగ్గర తేడా వచ్చింది.

“ఇదీ కాదు.”

ఇక ఆరే మిగిలాయి. ఆరూ సరిపోవాలి. పాడ్‌మోర్ గడియారం తీసి చూసి మళ్ళీ లోపల పెట్టుకున్నాడు. డోర్కస్ కూడా తల దించుకుంది.

నేను రేకు మీద రంగు పట్టించాను. అవసరం కన్నా ఎక్కువసేపు తుడిచాను. కాగితం పరిచి లాగాను. తీసి అందించేటప్పుడు ఎప్పుడూ రెండు మూలలూ ఆమె రెండు చేతుల్లో పెడతాను. ఈసారి ఎడమ మూల ఒక్కటే ఆమె ఎడంచేతిలో పెట్టి, రెండోది నేనే పట్టుకుని నిలబడ్డాను. ఇవ్వలేదు.

ఆమె నా ముఖం చూసింది. తడి కాగితం ఎక్కువసేపు ఆగదు, గాలికి ఆరి ముడుచుకుపోతుంది. అది ఆమెకూ తెలుసు. మూడు ఊపిర్ల సేపు అలా ఉన్నాం.

తర్వాత థిర్జా తన కుడిచేతిని ఏప్రాను వెనక పెట్టుకుంది. అందరూ చూస్తుండగా. నా మూలను కళ్ళతోనే వదలమంది. వదిలాను. కాగితం ఆమె ఎడమ బొటనవేలు మీద తిరిగి, ఊగి, ఆకు రాలినట్టు పళ్ళెం మీదికి దిగింది. కుచ్చు కూడా ఎడంచేత్తోనే తీసుకుని రుద్దింది.

పాడ్‌మోర్ నూనె కాగితం పరిచాడు. వంగి చూశాడు. కొమ్మ ఒక్కటే గీత. పిట్ట ఒక్కటే పిట్ట.

 తర్వాతి పళ్ళెం ముందుకు జరిపాడు.

నాలుగు. అయిదు. ఆరు. ఒక్కోసారి నా చేతిలో మూల, ఆమె చేతిలో మూల. ఏడోదానికి నా చెమట కాగితం మీద పడబోయి తప్పింది. ఎనిమిదోది వాలాక ఆమె రుద్ది, కుచ్చు బల్ల మీద పెట్టేసింది. పాడ్‌మోర్ నూనె కాగితం పరిచి, నాలుగు మూలలూ నొక్కి చూశాడు. సరిపోయింది.

అతను నడుము నిటారు చేసుకుని, మేమందరం ఎప్పుడడుగుతాడా అని చూస్తున్న ప్రశ్న అడిగాడు.

“కుడిచెయ్యి వెనక ఎందుకు పెట్టుకున్నావు?”

థిర్జా నోరు తెరిచింది.  నేను ఏదో అనాలనుకున్నాను. నాకు మాట ఎప్పుడూ ఆలస్యంగానే వస్తుంది. ఈలోగా బల్ల చివర మిసెస్ హ్యూమ్ కట్టుకున్న చేతులు విప్పింది. నడిచి వచ్చింది. ఎనిమిదో పళ్ళేన్ని తీసి వెలుతురులోకి పట్టింది. అంతసేపూ చూడనిది అప్పుడు చూసింది. పదహారో ఏట బల్ల దగ్గర చేరి, ఇరవయ్యేళ్ళు కాగితం వాల్చి, మేస్త్రి అయిన మనిషి ఆమె. ఆ పళ్ళెం ఎలా పుట్టిందో ఆమెకు చెప్పక్కర్లేదు.

“ఈ బొమ్మ వేసే పద్ధతే అదండీ” అంది పాడ్‌మోర్‌తో. “ఒంటిచేత్తో వెయ్యాలి. రెండో చెయ్యి అడ్డం. నూట ఇరవై డజన్లు ఒక్కతె వల్ల కాదు గదా, మిగతావాళ్ళకి ఈమె చేతే నేర్పిస్తాను.”

పాడ్‌మోర్ తలూపాడు. జపాను వాళ్ళు ఇలాగే వేస్తారేమోనని తనలో తాను అనుకుంటూ వెళ్ళిపోయాడు. అప్పుడే గంట కొట్టింది.

గది ఖాళీ అవుతుంటే హ్యూమ్ మా బల్ల దగ్గరే ఆగింది. థిర్జా కుడిచేతిని ఏప్రాను వెనకనుంచి బయటికి తీసి, మణికట్టు నొక్కి చూసింది, గుర్రం కాలు చూసినట్టు.

“ఎన్నాళ్ళనుంచి?”

“క్రిస్‌మస్‌నుంచి.”

“తీగ అంచు పని ఇక నీకు ఇవ్వను. ఈ పిట్ట బొమ్మ ఉన్నన్నాళ్ళు ఇదే వెయ్యి” అని, నా వైపు తిరక్కుండానే, “నువ్వు ఇకమీదట బల్ల కిందవి బల్ల కిందే ఉంచు” అంది.

ఆమెకు ఎలా తెలిసిందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆదివారం తాగింది దిగక సోమవారం మా ఊళ్ళో ఎవరూ పనికి రారు, వచ్చినా పనిచేయరు. మంగళవారం పొద్దున హ్యూమ్ పన్నెండు మందిని మా బల్ల చుట్టూ నిలబెట్టింది. థిర్జా ఒకటి వేసి చూపించింది. కుడిచెయ్యి వదిలెయ్యండి, వదలాలని వదలొద్దు, అది లేదనుకోండి అని చెప్పింది. అంతకన్నా ఎలా చెప్పాలో ఆమెకూ తెలియదు.

ఒకరి తర్వాత ఒకరు వేశారు. అందరివీ మంచి చేతులు, బలమైన చేతులు. వదిలినట్టే వదిలి, కాగితం పళ్ళేన్ని తాకే చివరి క్షణంలో వెళ్ళి పట్టుకునేవి. పిట్ట తోకతో సహా మధ్యకు వచ్చి కూర్చునేది. డోర్కస్ మూడు పాడుచేసి, తన చేతిని తానే కొట్టుకుని, “దీన్ని కట్టెయ్యాల్సిందే” అంది. నిజంగానే ఏప్రాను తాడుతో కట్టుకుంది కూడా. భుజం ముందుకు వంగింది. కాగితం మళ్ళీ తిన్నగానే పడింది. వెనక వరసలో ఎవరో నవ్వారు. థిర్జా నవ్వలేదు.

అప్పుడు హ్యూమ్ జాకెట్టు చేతులు పైకి మడుచుకుంది. పద్నాలుగేళ్ళుగా ఆమె కాగితం ముట్టుకోవడం ఎవరూ చూడలేదు. నా దగ్గరికి వచ్చి ఎడంచెయ్యి చాపింది. మూల అందించాను. రెండో మూల నేను వదిలాను. ఆమె కుడిచెయ్యి పక్కనే వేలాడుతూ ఉంది, కదలలేదు. కాగితం తిరిగింది, ఊగింది. చివర్లో ఎడమ మణికట్టు, తనకు తెలియకుండానే, చిన్నగా సర్దింది. ఇరవయ్యేళ్ళ సర్దుబాటు.

రుద్దింది. కాగితం కడిగింది. చంద్రుడు గుండ్రంగా, కొమ్మ తిన్నగా, పిట్ట నిండుగా, నాలుగు వైపులా సమానమైన జాగా. ఆ గదిలో అంతకన్నా సరిగ్గా పడిన బొమ్మ నేను చూడలేదు.

హ్యూమ్ దాన్ని వెలుతురులోకి తిప్పి చూసింది. తర్వాత వంగి, తన చేత్తోనే చెడిపోయిన వాటి బుట్టలో పెట్టి, థిర్జాకి చోటిచ్చి పక్కకు జరిగింది.